ఆ నీలం స్టూలు తీసెయ్

ఫ్రేముల కొట్టు వెనక గది,
ఏప్రిల్ మొదటి వారం

పిడుగుకి,

మీ అన్నయ్య పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను. ఆయన లేరని ఆ పేరు కూడా పోనివ్వడం నాకిష్టం లేదు.

ఈ కవర్లో నా తొమ్మిది బొమ్మల ఫొటోలున్నాయి. నీ అలవాటు ప్రకారం పళ్ళతో చింపకు, కత్తెర వాడు. మీ అన్నయ్య మంచాన పడ్డ ఆ మూడు వారాల గది ఇది. అప్పుడు పెన్సిలుతో గీసిపెట్టుకున్నవి ఈ నాలుగు నెలల్లో రంగుల్లోకి తెచ్చాను. కాలేజీలో నెలకో బొమ్మ కూడా పూర్తి చెయ్యలేనని నాకు నత్త అని పేరు పెట్టింది నువ్వే కదా. లెక్క చూసుకో, నత్త పరిగెత్తింది.

హాలు దొరికింది. సెప్టెంబరులో ప్రదర్శన. ఇన్నేళ్ళూ పదిమంది బొమ్మల మధ్య ఏదో మూల వేలాడినదాన్ని, ఈసారి గుమ్మం మీద నా పేరొక్కటే ఉంటుంది. భయంగా ఉంది.

అందుకే నువ్వు కావాలి. మన పద్ధతిలోనే చెప్పు: ఒకటి ఉంచమను, ఒకటి మార్చమను, ఒకటి తీసెయ్యమను. ఉత్తరంలోనే చెప్పు. ఫోన్లో అయితే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను, తర్వాత నెలరోజులు మాటలుండవు. బాగున్నాయని మాత్రం రాయకు. ఆ మాట చెప్పడానికి కొట్టుకొచ్చేవాళ్ళు చాలు. "ఒక్కదానివే ఉండి కూడా ఎంత బాగా వేస్తున్నావమ్మా!" అంటుంటే ఒళ్ళు మండిపోతోంది. ఒక్కదాన్నే ఉంటే చేతులు పడిపోతాయా?

నీ వదిన,
నత్త


కుట్టుమిషన్ల మీది వాటా,
ఏప్రిల్ మూడో వారం

నత్తమ్మ వదినకి,

ముందు తిట్లు. ఆ ఫొటోలు తీసిన మహానుభావుడెవరు? అయిదో బొమ్మ మీద అతని తల నీడ పడింది. అది నువ్వు వేసిన మేఘమనుకుని కాసేపు మెచ్చుకున్నాను కూడా.

ఇక అసలు సంగతి. గోడకి వరసగా తొమ్మిదీ అంటించి వారం రోజులు చూశాను. అన్నం తింటూ చూశాను, పళ్ళు తోముకుంటూ చూశాను, అద్దంలో తిప్పి చూశాను. వదినా, నువ్వు ఇంతవరకు వేసిన వాటిలో ఇవే గట్టివి. బాగున్నాయి అనడం లేదు. గట్టివి అంటున్నాను.

ఉంచాల్సింది: మూడో బొమ్మలో చెయ్యి. దాన్ని ఇంకొక్క కుంచె గీత కూడా తాకనివ్వకు. అది మా అన్నయ్య చెయ్యే. మేకు మీద కొట్టబోయి గోరు మీద కొట్టుకున్న ఆ బొటనవేలు, గోళ్ళ సందుల్లో ఎండిపోయిన జిగురు. కింద మిషన్లు మోత పెడుతున్నాయి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నా ఏడుపు వీధంతా వినపడేది.

మార్చాల్సింది: నాలుగో బొమ్మలో వెలుగు. ఆ గదిలో నీ పెళ్ళికి ముందు నాలుగేళ్ళు పడుకున్నదాన్ని, అన్నయ్య కొత్తగా కొట్టు పెట్టినప్పుడు. ఆ పడమటి కిటికీ సంగతి నా దగ్గర చెప్పకు. చలికాలం వచ్చిందంటే సూర్యుడు పక్కకి జరిగిపోయి ఎదురుగా ఉన్న పొడుగు మేడ వెనక దిగుతాడు. గదిలోకి దారమంత ఎండ కూడా రాదు. నాలుగింటికే దీపం వేసుకునేవాళ్ళం. సాయంత్రపు ఎండ లోపలికొచ్చి బీరువా పిడి మీద పడేది ఎండాకాలంలోనే. అన్నయ్య మంచాన పడింది చలికాలంలో. నువ్వేమో డిసెంబరు గదిలో మే నెల ఎండ పోశావు. అందంగా ఉంది, కాదనను. కానీ అబద్ధం. చూసేవాడికి ఎందుకో తెలియదు గానీ నమ్మబుద్ధి కాదు. ఆ పసుపు తుడిచేసి బూడిద వెలుగు వెయ్యి. గోడ మీద నీడ మెత్తబడుతుంది, మంచం దానంతటదే ముందుకొస్తుంది.

తీసెయ్యాల్సింది: ఆ నీలం ప్లాస్టిక్ స్టూలు. తొమ్మిదింటిలో ఏడు బొమ్మల్లో ఉందది! మంచానికీ కిటికీకీ మధ్య, సరిగ్గా దారికి అడ్డంగా. మిగతా రంగులన్నీ గొంతు తగ్గించుకుని మాట్లాడుతుంటే అదొక్కటే కేకలు పెడుతోంది. పోనీ ఎవరైనా కూర్చున్నారా? లేదు. దాని మీద ఒక మందు సీసా, ఒక తువ్వాలు? ఏమీ లేదు. చూపు మంచం దాకా వెళ్ళకుండా ఆ స్టూలుకి తట్టుకుని బోర్లా పడుతోంది. తీసెయ్, బొమ్మకి ఊపిరాడుతుంది.

ఇంకొక్కటి. ఇది మన ఒప్పందంలో లేదు, కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మొహం ఏది? తొమ్మిది బొమ్మలు వేసి ఒక్కదానిలోనూ అన్నయ్య మొహం వెయ్యలేదు. వీపు, చెయ్యి, దుప్పటి కింద కాళ్ళు, దిండు మీద గుంట. నీకు మొహాలు రాక కాదు, క్లాసులో అందరికంటే బాగా వేసేదానివి. భయపడి తప్పించుకున్నావు. చూసేవాళ్ళకి అది తెలిసిపోతుంది. నువ్వు డిసెంబరులో కబురు పెట్టి, నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. చివరి రోజుల్లో అన్నయ్య మొహం ఎలా ఉందో నాకు తెలియదు. నీ బొమ్మల్లో అయినా చూస్తాననుకున్నాను.

పిడుగు


ఫ్రేముల కొట్టు వెనక గది,
మే రెండో వారం

పిడుగుకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. నిజం చెప్పమని అడిగింది నేనే, ఒప్పుకుంటాను. చెయ్యి గురించి నువ్వు రాసింది చదివి నేనూ ఏడ్చాను. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది.

వెలుగు అబద్ధమా? నా వెలుగా? నన్ను ఇంకేమైనా అను. నత్త అను, పిరికిదాన్ని అను. నా గీత వంకర అను. ఎప్పుడైనా లేని వెలుగు వేశానా నేను? కాలేజీలో మబ్బు పట్టిన రోజున మాస్టారు ఎండ ఊహించుకుని వెయ్యమంటే కుంచె కింద పెట్టేసి కూర్చున్నది ఎవరు? నీకు ఊహించుకోవడం అలవాటు, నాకు లేదు. మీ అన్నయ్య నిద్రపోతుంటే మంచం పక్కన నేల మీద కూర్చుని, పడిన ఎండని పడినట్టే గీశాను. బీరువా పిడి మీద, దాని కింద తాళంచెవి మీద, అక్కడి నుంచి దుప్పటి అంచు మీదకి. ఒకరోజు కాదు, వరసగా ఎన్నో సాయంత్రాలు చూసి చూసి వేశాను. నమ్మకపోతే ఇప్పుడు వచ్చి చూసుకో. ఈ ఉత్తరం రాస్తుంటే ఎండ సరిగ్గా అక్కడే ఉంది, నా బొమ్మలో ఉన్నంత పసుపు, పిసరు ఎక్కువా లేదు తక్కువా లేదు. ఆ పసుపు కలపడానికి ఎంత అవస్థ పడ్డానో నీకేం తెలుసు! బూడిద వెయ్యమంటున్నావా? వెయ్యను.

స్టూలు తియ్యను. ఎందుకని అడగకు.

మొహం సంగతి అసలే అడగకు. భయపడి తప్పించుకున్నానని ఎంత తేలిగ్గా రాసేశావు! నువ్వు ఆ గదిలో లేవు. ఉన్నదాన్ని నేను.

నత్త


కుట్టుమిషన్ల మీది వాటా,
మే నెలాఖరు

గౌరవనీయులైన వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. వెలుగు విషయంలో నేను పొరబడ్డాను, మన్నించండి. మీరు చెప్పింది అక్షరాలా నిజం. మీరు లేని వెలుగు ఎప్పుడూ వెయ్యలేదు, వెయ్యరు కూడా.

కాబట్టి ఇలా అనుకోవాలి. మా అన్నయ్య నిద్రపోతున్నప్పుడు మీరు నేల మీద కూర్చుని గీశారు. అప్పుడు ఎండ బీరువా పిడి మీద ఉంది. ఇప్పుడు మే నెలలో కూడా ఎండ సరిగ్గా అక్కడే ఉంది. అంటే మీరు గీసింది మే నెలలో. ఈ మే కాదు, ఈ మేకి అన్నయ్య లేడు. కిందటి మే.

నాలుగో బొమ్మలో మంచం పక్కన మందుల పళ్ళెం ఉంది. వెనక సెలైన్ స్టాండు ఉంది. వేసింది మీరే, మీ బొమ్మలో లేనిది నేను చూడటం లేదు.

డిసెంబరులో మీరు ఫోన్ చేసి, "మూడు వారాలుగా ఒంట్లో బాగాలేదు, ఇవాళ బొత్తిగా కులాసాగా లేదు, బయల్దేరు" అన్నారు. మూడు వారాలు. ఆ మాటే కాగితం మీద కూడా రాశారు, ఏప్రిల్ ఉత్తరంలో. నేను దాచుకున్నాను.

మా అన్నయ్య మే నుంచి డిసెంబరు దాకా మంచం మీద ఉంటే నాకెందుకు చెప్పలేదు?

ఇట్లు,
మీ ఆడపడుచు


ఫ్రేముల కొట్టు వెనక గది,
జూన్

పిడుగుకి,

తిట్టు. నత్త అని, దొంగ అని, ఏదైనా అను. మీరు, గారు అని మాత్రం అనకు. అది భరించలేను.

అవును. కిందటి ఏప్రిల్ నుంచే ఆయన మంచం మీద ఉన్నారు. నీకు చెప్పొద్దన్నారు, చెప్పలేదు. కారణం అడగకు, నీ మంచికే అంటున్నాను.

బొమ్మలు మార్చడం లేదు. ప్రదర్శన ఆగదు.

నత్త


కుట్టుమిషన్ల మీది వాటా,
జూన్, నీ ఉత్తరం అందిన రోజే

నా మంచికా? నా మంచికేనా?

నీ మంచితనం తగలెయ్య! ఎవరడిగారు నా మంచి చూడమని? ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఎన్నిసార్లు ఫోన్ చేశాను! చేసిన ప్రతిసారీ నువ్వే ఎత్తావు. "కొట్లో ఉన్నారు, చేతికి జిగురుంది" అన్నావు. "గాజు కోస్తున్నారు, తర్వాత చేయిస్తాను" అన్నావు. పక్క గదిలో పడుకోబెట్టుకుని చెప్పావా అవన్నీ? ఒకసారి జూలైలో అనుకుంటా, అన్నయ్యే మాట్లాడాడు. గొంతు బొంగురుగా ఉందేమిట్రా అన్నయ్యా అంటే, చెక్క పొట్టు గొంతులోకి పోయిందన్నాడు. నేను నవ్వాను. "మాస్కు పెట్టుకోవు, చెబితే వినవు" అని ఇంతెత్తున లేచాను. చావుబతుకుల్లో ఉన్న మనిషిని మాస్కు పెట్టుకోలేదని కేకలేశాను నేను! ఆ పక్కన కూర్చుని వింటున్నావు కదా నువ్వు? నీకు నోరెలా మూతపడింది?

నా చెవిలో పువ్వు పెట్టి ఎనిమిది నెలలు ఆడించావు. ఇప్పుడు ఆ నెలల్నే గుడ్డ మీద రంగుల్లో వేసి, "ఎలా ఉన్నాయో చెప్పు" అని నాకే పంపించావు. ఎంత ధైర్యం! నేను కూర్చుని, తెలివిగా, నీడ మెత్తబడుతుందనీ, మంచం ముందుకొస్తుందనీ పాఠాలు చెప్పాను. నువ్వు అక్కడ చదువుకుని ఏమనుకున్నావు? పిచ్చిది అనుకున్నావా?

అమ్మ లేదు, నాన్న లేడు. నాకు మిగిలింది మా అన్నయ్య, నువ్వు. ఇద్దరూ కలిసి నన్ను గుమ్మం బయట నిలబెట్టారు. అన్నయ్య ఎటూ జవాబు చెప్పలేడు. నువ్వు చెప్పు. కారణం చెప్పకపోతే ఇక నా దృష్టిలో నువ్వు వదినవీ కాదు, స్నేహితురాలివీ కాదు. సెప్టెంబరులో ఆ హాలు ఛాయలక్కూడా రాను.

సంతకం కూడా పెట్టాలని లేదు.


ఫ్రేముల కొట్టు వెనక గది,
జూలై

పిడుగుకి,

కావాలన్నావు కాబట్టి విను. నచ్చినా నచ్చకపోయినా పూర్తిగా చదువు, మధ్యలో చింపెయ్యకు.

మీ నాన్న పోయేముందు ఆయన మంచం పక్కన కూర్చుని నువ్వు బొగ్గుతో బొమ్మ గీశావు. నోరు తెరుచుకుని, చెంపలు లోపలికి పోయి, కళ్ళు సగం మూసుకుని ఉన్న మొహం. ఏడాది తిరగకుండా అది గోడకెక్కింది. నీకు పేరు తెచ్చింది. జనం దాని ముందు వరస కట్టి నిలబడ్డారు. మీ అన్నయ్య మొదటిరోజున కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు, చెల్లెలి ప్రదర్శనని. ఆ బొమ్మ ముందుకొచ్చి ఆగి, అలాగే వెనక్కి తిరిగి బయటికెళ్ళిపోయాడు. నీకు గుర్తుందా? నువ్వు ఎవరితోనో మాట్లాడుతున్నావు, చూడలేదేమో. నేను వెంట పరిగెత్తాను. స్కూటరు స్టాండు దగ్గర నిలబడి, "నాన్న పళ్ళసెట్టు తీసేసి ఉన్నప్పుడు ఎవరినీ గదిలోకి రానిచ్చేవాడు కాదు. దాన్ని ఊరందరికీ చూపించింది" అన్నాడు.

నీ బొమ్మలన్నిటికీ ఫ్రేము కట్టిన మనిషి. దానికి మాత్రం కట్టలేదు. నువ్వు పంపిస్తే, "చెక్క అయిపోయింది" అన్నాడు. కొట్టు నిండా చెక్కే.

జబ్బు సంగతి తెలిసిన రోజున నాతో అన్నాడు. అవును, అన్నాడు అనే రాస్తున్నాను, ఇవాళ ఆయనకి గౌరవం ఇవ్వబుద్ధి కావట్లేదు. "పిడుక్కి చెప్పకు. వస్తే గీస్తుంది. దాని తప్పు కాదు, దాని చెయ్యి ఊరుకోదు. నా మొహం గోడకెక్కడం నాకిష్టం లేదు" అన్నాడు. నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నీకు చెప్పనని ఒకటి, తన మొహం నేను కూడా వెయ్యనని ఇంకొకటి.

నువ్వు చేసిన తప్పులకి ఎనిమిది నెలలు నేను తలుపు కాశాను! నీకు కోపం వచ్చిందని కాగితం మీద గొంతు చించుకుంటున్నావు, మరి నా కోపం ఎక్కడ పెట్టుకోను? నీ ఫోన్ మోగిన ప్రతిసారీ కొత్త అబద్ధం వెతుక్కోవాల్సి వచ్చేది. ఆయనని బతిమాలాను, పోట్లాడాను. ఒకరోజు ఫోన్ తీసుకొచ్చి చేతిలో పెట్టి, "నువ్వే చెప్పుకో" అన్నాను. ఆ రోజే ఆ చెక్క పొట్టు కథ చెప్పాడు. నువ్వు తిట్టి పెట్టేశాక, ఫోన్ గుండెల మీద పెట్టుకుని చాలాసేపు నవ్వాడు. "బాగా తిడుతోంది, ఒంట్లో బాగానే ఉన్నట్టుంది దానికి" అన్నాడు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నీ మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి నన్ను అబద్ధాలకోరుని చేశారు. ఇవాళ నువ్వొచ్చి దొంగని పట్టుకున్నట్టు వెలుగు పట్టుకుని అడుగుతున్నావు!

మొహం లేదని భయపడ్డానన్నావే. కళ్ళు మూసుకున్నా గీయగలను ఆ మొహాన్ని. చెయ్యి పీకేది. దిండు మీద గుంట వేస్తూ ఎన్నిసార్లు కుంచె పైకి పోబోయిందో, ఎన్నిసార్లు లేచి వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డానో నాకు తెలుసు. మాట ఇచ్చాను కాబట్టి వెయ్యలేదు. అంతే.

నువ్వు రాకపోతే మానెయ్. ప్రదర్శన జరుగుతుంది.

నత్త


కుట్టుమిషన్ల మీది వాటా,
జూలై నెలాఖరు

నత్తకి,

చింపలేదు. పూర్తిగానే చదివాను.

నువ్వూ అన్నయ్యా కలిసి నాకు శిక్ష వేశారు, నేరం ఏమిటో నాకు చెప్పకుండానే. సరే, ఇప్పుడు నా మాట కూడా విను.

నాన్న బొమ్మ నేను నాన్నకి తెలియకుండా గీశాననుకున్నారా? నాన్నే గీయమన్నాడు. నేను మంచం పక్కన కూర్చుని ఆయన మొహంలోకి చూస్తూ ఏడుస్తుంటే, "ఊరికే అలా చూడకే, నాకు భయమేస్తోంది. ఏదన్నా పని చేసుకో. బొమ్మ గియ్యి" అన్నాడు. పళ్ళసెట్టు పెట్టుకుంటావా నాన్నా అని అడిగాను. "నువ్వేగా, ఏం ఫర్లేదు" అన్నాడు. గీస్తున్నంతసేపూ కదలకుండా పడుకున్నాడు. నొప్పి ఉన్నా కదల్లేదు. పూర్తయ్యాక చూపిస్తే, "ముక్కు మాత్రం నాదే" అన్నాడు. గోడకెక్కించడానికి కూడా ఆయన్ని అడిగాను. నవ్వి, "అప్పటికి నేనుంటానా తిట్టడానికి" అన్నాడు.

అన్నయ్య ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "ఎందుకు గీశావే" అని అడిగితే ఇదంతా చెప్పేదాన్ని. అడగలేదు. చెక్క లేదన్నాడు. ఆయన అలిగాడని నాకు తెలుసు. అడగని మనిషికి నేనెందుకు చెప్పాలని నాకూ రోషం. వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఎప్పుడు చెప్పను ఇప్పుడు? ఎవరికి చెప్పను?

నువ్వొక్క ముక్క నాతో అని ఉంటే, ఒక్క ఉత్తరం రాసి ఉంటే, ఏప్రిల్లోనే పరిగెత్తుకొచ్చి అంతా చెప్పేదాన్ని. ఖాళీ చేతులతో వచ్చేదాన్ని, పెన్సిలు కూడా తెచ్చుకోకుండా. నీ ఒట్టు నువ్వు నిలబెట్టుకున్నావు. బాగుంది. నాకు మా అన్నయ్య లేకుండా చేశావు.

మనిద్దరి మధ్య ఇక ఉత్తరాలు వద్దు. సెప్టెంబరుకి రాను. అడిగావు కాబట్టి బొమ్మలు వేసేదానిగా ఒక్క చివరి మాట, ఇందులో కోపం లేదు: వెలుగు అలాగే ఉంచు, అది నిజం. మొహం లేకపోయినా ఫర్లేదు, ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైంది. ఆ స్టూలు మాత్రం ఇప్పటికీ తప్పే. ఏడు మంచి బొమ్మల్ని చెడగొడుతోంది. ఆ నీలం స్టూలు తీసెయ్.

పిడుగు


ఫ్రేముల కొట్టు వెనక గది,
ఆగస్టు

పిడుగుకి,

ఉత్తరాలు వద్దన్నావు. ఇదొక్కటి చదివి తర్వాత నీ ఇష్టం.

నాన్నగారి సంగతి చదివి గోడకి తల కొట్టుకున్నాను. నిజంగానే, మాటవరసకి కాదు. నుదురు బొప్పి కట్టింది. మీ ఇంట్లో నోరున్నవాళ్ళు ఇంతమంది ఉండి, ఒక్కరూ నోరు విప్పి చెప్పుకోరు. నేనూ మీ ఇంటి మనిషినైపోయాను.

స్టూలు సంగతి చెప్పనన్నాను. చెబితే నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు. ఇలా మంచి చూసీ చూసీ ఇంతదాకా తెచ్చాను కాబట్టి, ఇప్పుడు చెప్పేస్తున్నాను.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్న మర్నాడే, కొట్లో గిరాకీలు కూర్చునే ఆ స్టూలు తెప్పించి మంచం పక్కన వేయించాడు. కుర్చీ వేస్తానంటే వద్దన్నాడు. "కుర్చీలో కూర్చుంటే దాని కాళ్ళు నేలకి అందవు. స్టూలైతే సరిపోతుంది" అన్నాడు. ఎవరి కాళ్ళు అని నేను అడగలేదు. నీ అంత పొట్టిది మనకి తెలిసినవాళ్ళలో ఇంకెవరున్నారు?

డాక్టరు వస్తే మంచం అంచున కూర్చునేవాడు. దాని మీద కూర్చోబోతే, "దాని కాలు వదులుగా ఉంది, పడతారు" అని మీ అన్నయ్య అబద్ధం చెప్పాడు. నర్సు రెండుసార్లు తట్టుకుని విసుక్కుని మూలకి నెట్టేసింది. మాట్లాడే ఓపిక లేని మనిషి, ఆవిడ మీద అరిచి మళ్ళీ అక్కడే వేయించాడు. నేను మంచం పక్కన నేల మీద ఎందుకు కూర్చునేదాన్ననుకున్నావు? పక్కన ఖాళీ స్టూలు ఉండగా?

ఒకరోజు నాకు ఒళ్ళు మండి అడిగేశాను. "రావొద్దంటావు, స్టూలు వేయిస్తావు, ఏమిటయ్యా నీ బాధ?" అన్నాను. "అది మాట వినే రకమా? చెప్పకపోయినా ఏదో ఒకరోజు ఊడిపడుతుంది. వచ్చాక నిలబెడతామా?" అన్నాడు.

తలుపు చప్పుడైనప్పుడల్లా ముందు స్టూలు వైపు చూసేవాడు, తర్వాతే తలుపు వైపు.

నేను ఉన్నది ఉన్నట్టు వేస్తాను. ఆ గదిలో అది ఉంది. మిగతా రంగులన్నిటికంటే గట్టిగా కేకలు పెడుతోందన్నావు. అవును, పెట్టింది. తొమ్మిదింటిలో ఏడు బొమ్మల్లో ఉందన్నావు. మిగతా రెండూ ఆయన పోయాక, ఖాళీ గది చూసి గీసుకున్నవి.

తీసెయ్యమంటే ఇప్పుడు చెప్పు, తీసేస్తాను.

నత్త


నీ గుమ్మం బయట, మెట్ల మీద,
సాయంత్రం

వదినా,

తలుపు కొట్టలేదు. కొడితే నువ్వు తీస్తావు, తీస్తే నేను అరుస్తాను. మనకి కాగితం మీదే కదా మర్యాద. అందుకని మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను, తలుపు కింద నుంచి లోపలికి తోస్తాను. నీ కొట్టు పక్కన వాచీలు బాగుచేసే ఆయన అరగంట నుంచి నన్నే చూస్తున్నాడు. అప్పులవాళ్ళ మనిషిననుకున్నాడేమో.

నీ ఉత్తరం నిన్న అందింది. బట్టలు కూడా సర్దుకోలేదు.

కోపం తగ్గలేదు. ముందే చెబుతున్నాను. నీ మీద ఉంది, అన్నయ్య మీద ఇంకా ఉంది. మంచం మీద పడుకుని స్టూలు వేయించుకునే బదులు ఫోన్ చేసి రావే అనడానికి ఏం రోగం? ఎనిమిది నెలలు ఎదురుచూశాడా? నా కోసమా? ఏం మనిషి! బతికుంటే ఇవాళ కొట్టేదాన్ని. నా మీద నాకున్న కోపం సంగతి నీకు చెప్పను, అది నా సొంతం.

లోపలికి రానిస్తే నీతో చాలా పోట్లాడాలి. రేపంతా పోట్లాడదాం. ఎల్లుండి కూర్చుని బొమ్మలు గోడకి ఏ వరసలో పెట్టాలో చూద్దాం. నాలుగోది మొదట పెట్టకు, చివర పెట్టు.

నేను పెన్సిలు తెచ్చుకోలేదు. ఈ ఉత్తరం ఆ వాచీలాయన దగ్గర అడిగి తెచ్చిన పెన్నుతో రాస్తున్నాను.

బీరువా పిడి మీద ఎండ ఇంకా ఉందో లేదో నాకు ఇక్కడి నుంచి కనపడదు. చదవడం అయ్యాక తలుపు తియ్యి. నేరుగా ఆ గదిలోకే వెళ్తాను, నాకు దారి తెలుసు. స్టూలు అక్కడే ఉంటే జరపకు. కాసేపు కూర్చుంటాను.

బొమ్మల్లోది కూడా ఉంచు.

పిడుగు